జేమ్స్ కుక్

జేమ్స్ కుక్ (1728 నవంబరు 7 - 1779 ఫిబ్రవరి 14) బ్రిటిష్ నౌకాదళ అధికారి, నావికుడు, సముద్ర పటాల నిర్మాత, యాత్రా రచయిత. కెప్టెన్ కుక్ అనే పేరుతో ప్రసిద్ధుడు. 1768 నుండి 1779 వరకు పసిఫిక్ మహాసముద్రంలో మూడు యాత్రలు జరిపి న్యూజీలాండ్ తీరాన్ని, ఆస్ట్రేలియా తూర్పు తీరాన్ని, హవాయి దీవులను ఐరోపా పటాలలోకి తెచ్చాడు. ఈ యాత్రల వృత్తాంతాలు పుస్తకాలుగా వెలువడి 18వ శతాబ్దపు ఐరోపాలో విశేష ఆదరణ పొందాయి. పసిఫిక్ ప్రజలను గురించి ఐరోపావారికి ఏర్పడిన అభిప్రాయాలు చాలావరకు ఈ పుస్తకాల నుండి వచ్చినవే. బ్రిటిష్ వలసలకు, వర్తకానికి, క్రైస్తవ మిషన్లకు దారి చూపినవి కూడా ఇవే. అయితే కుక్ తన చేతితో రాసుకున్న దినచర్యకు, ఆయన పేరు మీద అచ్చయిన గ్రంథాలకు మధ్య గణనీయమైన తేడాలు ఉన్నాయి. రెండు శతాబ్దాల పాటు పాఠకులకు తెలిసినది ప్రధానంగా అచ్చయిన కుక్ మాత్రమే.

బాల్యం, తొలి జీవితం

కుక్ ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో మార్టన్ అనే గ్రామంలో జన్మించాడు. అప్పట్లో ఇంగ్లాండులో వాడుకలో ఉన్న పాత కాలెండరు ప్రకారం పుట్టిన తేదీ అక్టోబరు 27. తండ్రి స్కాట్లాండు నుండి వచ్చిన వ్యవసాయ కూలీ, తల్లి గ్రేస్ పేస్. తండ్రి పనిచేస్తున్న భూస్వామి సహాయంతో గ్రేట్ ఏటన్ గ్రామంలో కొద్దికాలం చదువుకున్నాడు. పదహారవ ఏట స్టెయిత్స్ అనే రేవు పల్లెలో ఒక దుకాణంలో పనికి చేరాడు గాని ఆ పని అతనికి నచ్చలేదు. తరువాత విట్బీ రేవులో జాన్ వాకర్ అనే ఓడల యజమాని వద్ద అప్రెంటిస్‌గా చేరి, లండనుకు బొగ్గు చేరవేసే ఓడల మీద నౌకాయానం నేర్చుకున్నాడు. గణితం, ఖగోళశాస్త్రం కూడా ఈ కాలంలోనే స్వయంగా అభ్యసించాడు. 1755లో ఒక వర్తక నౌకకు నాయకత్వం ఇవ్వజూపగా, దానిని కాదని నౌకాదళంలో సాధారణ నావికుడిగా చేరాడు.

నౌకాదళంలో

సప్తవర్ష యుద్ధంలో కుక్ ఉత్తర అమెరికాలో పనిచేశాడు. 1758లో లూయిస్‌బర్గ్ ముట్టడి సమయంలో సామ్యూల్ హాలండ్ అనే సైనిక ఇంజనీరు వద్ద భూమి కొలత పద్ధతులు నేర్చుకుని, వాటిని సముద్ర తీరాలకు అన్వయించాడు. 1759లో సెయింట్ లారెన్స్ నది లోతులు కొలిచి పటాలు గీసినవారిలో అతడూ ఉన్నాడు. బ్రిటిష్ సేన క్యుబెక్ నగరం మీదికి వెళ్ళడానికి ఈ పటాలు తోడ్పడ్డాయి. కొత్త తీరం కనబడితే ముందు లోతు కొలవడం, తరువాత పటం గీయడం, ఆ వెనుక సైన్యమో వర్తకులో రావడం అనే క్రమం కుక్ జీవితంలో ఇక్కడే మొదలయింది.

1762 డిసెంబరులో ఎలిజబెత్ బాట్స్‌ను వివాహమాడాడు. 1763 నుండి 1767 వరకు న్యూఫౌండ్‌లాండ్ తీరాన్ని సర్వే చేశాడు. అక్కడ 1766లో సూర్యగ్రహణాన్ని పరిశీలించి పంపిన వివరాలు రాయల్ సొసైటీ దృష్టిని ఆకర్షించాయి.

మొదటి యాత్ర (1768 - 1771)

1769 జూన్ 3న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని పసిఫిక్ నుండి పరిశీలించాలని రాయల్ సొసైటీ సంకల్పించింది. ఈ యాత్రకు నాయకత్వం వహించాలని అలెగ్జాండర్ డాల్రింపుల్ ఆశించాడు. ఇతడు మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా జీవితం ప్రారంభించి, దక్షిణ సముద్రాలలో ఒక మహాఖండం ఉందని గట్టిగా వాదించినవాడు. నౌకాదళం మాత్రం తన ఓడను బయటివానికి అప్పగించడానికి ఒప్పుకోక, కుక్‌కు లెఫ్టినెంట్ హోదా ఇచ్చి నియమించింది. విట్బీలో కట్టిన ఒక బొగ్గు ఓడను కొని ఎండీవర్ అని పేరు పెట్టారు. వృక్షశాస్త్రవేత్తలు జోసెఫ్ బ్యాంక్స్, డానియల్ సోలాండర్, చిత్రకారుడు సిడ్నీ పార్కిన్‌సన్ ఇతనితో వెళ్ళారు. ఓడ 1768 ఆగస్టు 26న ప్లిమత్ నుండి బయలుదేరింది.

కుక్ వెంట రెండు రకాల ఆదేశాలు ఉన్నాయి. బహిరంగమైనది ఖగోళ పరిశీలన. రహస్యమైనది దక్షిణ ఖండాన్ని వెదకడం, అక్కడి నేల, పంటలు, ఖనిజాలు, ప్రజల స్వభావం గురించి రాయడం, స్థానికుల సమ్మతితో అనువైన ప్రదేశాలను రాజు పేర స్వాధీనం చేసుకోవడం. కాబట్టి కుక్ రోజూ రాసిన దినచర్య ఒక వ్యక్తి జ్ఞాపకాల పుస్తకం కాదు, ప్రభుత్వానికి సమర్పించవలసిన నివేదిక. యాత్ర ముగిశాక ఓడలోని వారందరి దినచర్యలను స్వాధీనం చేసుకోవాలని కూడా ఆదేశంలో ఉంది. దీనికి భిన్నంగా రాయల్ సొసైటీ అధ్యక్షుడు మోర్టన్ ప్రభువు కుక్‌కు ఒక సలహా పత్రం ఇచ్చాడు. ఆయా దేశాల ప్రజలే ఆ భూములకు న్యాయమైన యజమానులని, వారి ఇష్టం లేకుండా ఆక్రమించే హక్కు ఏ ఐరోపా దేశానికీ లేదని అందులో పేర్కొన్నాడు.

తాహితిలో శుక్రగ్రహ పరిశీలన పూర్తయ్యాక రాయాతేయా ద్వీపానికి చెందిన అర్చకుడు, నావికుడు అయిన తుపాయా ఓడ ఎక్కాడు. చుట్టుపక్కల డెబ్బైకి పైగా దీవులను చూపే పటాన్ని ఇతడు తయారుచేశాడు. న్యూజీలాండ్‌లో మావోరీలతో మాట్లాడగలిగినది కూడా ఇతడే. బ్రిటిష్ యాత్రగా చరిత్రకెక్కిన ఈ ప్రయాణంలో పాలినీషియా జ్ఞానం పాలు ఎంతో తుపాయా వల్ల తెలుస్తుంది. ఇతడు 1770లో బటేవియాలో మరణించాడు.

న్యూజీలాండ్‌ను 1642లో డచ్చి నావికుడు టాస్మన్ చూశాడు గాని, అది రెండు పెద్ద దీవులని నిరూపించి చుట్టూ పటం గీసినవాడు కుక్. 1769 అక్టోబరులో అతడు మొదట దిగిన చోట తొలి రోజుల్లోనే తే మారో అనే మావోరీ నాయకుడు, మరికొందరు తుపాకి కాల్పులలో మరణించారు. దినచర్యలో కుక్ ఈ చావులకు విచారం తెలుపుతూనే తన చర్యను సమర్థించుకున్నాడు. అక్కడ ఆహారం, నీరు దొరకనందున ఆ ప్రదేశానికి పావర్టీ బే, అనగా పేదరికపు అఖాతం, అని పేరు పెట్టాడు. మావోరీలకు అది తూరంగనుయి-ఆ-కివా అనే సారవంతమైన నేల.

1770 ఏప్రిల్ 29న ఎండీవర్ ఆస్ట్రేలియాలోని బోటనీ బే చేరింది. ఒడ్డున ఇద్దరు గ్వీగల్ తెగవారు ఈటెలతో అడ్డుకోగా కుక్ కాల్పులు జరిపించి దిగాడు. జూన్ 11న ఓడ గ్రేట్ బారియర్ రీఫ్ పగడపు దిబ్బకు తగిలి దెబ్బతింది. మరమ్మతు కోసం ఏడు వారాలు ఒక నదీముఖంలో ఆగవలసి వచ్చింది. అక్కడి గూగూ యిమిథిర్ ప్రజలు ఓడ మీద పట్టి ఉంచిన తాబేళ్ళలో తమకు వాటా అడిగారు. నావికులు ఇవ్వకపోవడంతో వారు గడ్డికి నిప్పు పెట్టారు. కుక్ కాల్చాడు. తరువాత ఒక పెద్దమనిషి మొన విరిచిన ఈటెతో వచ్చి సంధి చేసుకున్నాడు. తమ నీటిలోని తాబేళ్ళకు లెక్క ఉందని వారు చెప్పిన మాట దినచర్య చదివినవారికి స్పష్టంగానే అర్థమవుతుంది. కంగారూ అనే పేరు కూడా ఈ ప్రజల భాషలోని గంగుర్రు అనే మాట నుండి వచ్చింది. అది తెలియదు అనే అర్థం గల మాట అన్న కథ నిజం కాదని 1970వ దశకంలో భాషావేత్తలు నిర్ధారించారు. తెలుగులో తొందరపాటును సూచించే కంగారు అనే మాటతో దీనికి సంబంధం లేదు.

1770 ఆగస్టు 22న పొసెషన్ ద్వీపం మీద జెండా ఎగురవేసి మొత్తం తూర్పు తీరాన్ని మూడవ జార్జి రాజు పేర స్వాధీనం చేసుకున్నట్లు కుక్ ప్రకటించాడు. ఎవరి సమ్మతీ తీసుకోలేదు. ఆ దీవిలో ఆయుధాలతో ఉన్న మనుషులు కనిపించారని అదే రోజు దినచర్యలో ఉంది. న్యూజీలాండ్‌లో ఒక వృద్ధుని అంగీకారం తీసుకున్నట్లు రాసుకున్న కుక్, ఇక్కడ ఆ పాటి ప్రయత్నం కూడా చేయలేదు. ఇదే దినచర్యలో కొన్ని పుటల తరువాత, ఈ ప్రజలు చూడడానికి నిరుపేదలుగా కనిపించినా ఐరోపావారి కంటే సుఖంగా ఉన్నారని, వారిలో హెచ్చుతగ్గుల బాధ లేదని కుక్ అభిప్రాయపడ్డాడు. ఈ రెండూ ఒకే మనిషి ఒకే నెలలో రాసినవే. బటేవియాలోను, అక్కడి నుండి బయలుదేరిన తరువాతను జ్వరాలు, విరేచనాలతో సుమారు 30 మంది మరణించారు. ఓడ 1771 జూలైలో ఇంగ్లాండు చేరింది.

హాక్స్‌వర్త్ గ్రంథం

అడ్మిరల్టీ (నౌకాదళ పాలక మండలి) ఈ యాత్రా వృత్తాంతాన్ని రాసే పనిని కుక్‌కు కాక జాన్ హాక్స్‌వర్త్ అనే రచయితకు అప్పగించింది. ప్రచురణకర్తలు ఇతనికి 6,000 పౌండ్లు చెల్లించారు. ఆ రోజుల్లో అది అసాధారణమైన మొత్తం. 1773లో మూడు సంపుటాలుగా వెలువడిన ఈ గ్రంథంలో బైరన్, వాలిస్, కార్టరెట్, కుక్ యాత్రలు ఉన్నాయి. హాక్స్‌వర్త్ కుక్, బ్యాంక్స్ దినచర్యలను కలిపివేసి, కథనమంతా ఓడ నాయకుడే చెబుతున్నట్లు ఉత్తమ పురుషలో నడిపాడు. గ్రీకు, రోమన్ పురాణాల పోలికలు, నీతి చర్చలు జోడించాడు. తాహితి స్త్రీలను గురించిన వర్ణనల వల్ల పుస్తకం మీద దుమారం రేగింది, అమ్మకాలూ పెరిగాయి. త్వరలోనే ఇతర ఐరోపా భాషలలోకి అనువాదమయింది.

అప్పటికి రెండవ యాత్రలో ఉన్న కుక్ తిరుగు ప్రయాణంలో గాని ఈ పుస్తకాన్ని చూడలేదు. తాను అనని మాటలు తన నోట పెట్టినందుకు బాధపడ్డాడు. 1775 మే నెలలో సెయింట్ హెలెనా దీవిలో ఆగినప్పుడు దీని ఫలితం అనుభవించాడు. ఆ దీవివారు బానిసలను క్రూరంగా చూస్తారని, వారి వద్ద తోపుడు బండ్లు కూడా లేవని పుస్తకంలో ఉంది. దానికి జవాబుగా అక్కడివారు కుక్ బస ముందు తోపుడు బండ్లు వరుసగా నిలిపి ఉంచారు. తమ గురించి రాసినది చదివి ఎదురు చెప్పగలిగింది ఈ ఆంగ్లేయులే. తాహితివారికి, మావోరీలకు ఆ వీలు లేకపోయింది.

రెండవ యాత్ర (1772 - 1775)

రిజల్యూషన్, అడ్వెంచర్ అనే రెండు ఓడలతో సాగిన ఈ యాత్ర ఉద్దేశం దక్షిణ ఖండం సంగతి తేల్చడం. 1773 జనవరి 17న కుక్ ఓడలు అంటార్కిటిక్ వలయాన్ని దాటాయి. అంతకు ముందు ఏ ఓడా దాటినట్లు దాఖలా లేదు. 1774 జనవరి 30న 71 డిగ్రీల 10 నిమిషాల దక్షిణ అక్షాంశం వరకు వెళ్ళి మంచు వల్ల వెనుదిరిగాడు. జనావాసానికి తగిన దక్షిణ ఖండం లేదని దీనితో రుజువయింది. హారిసన్ గడియారానికి నకలుగా లార్కమ్ కెండాల్ చేసిన కాలమాపకంతో రేఖాంశాలను కచ్చితంగా లెక్కించాడు. నావికులను పీడించే స్కర్వీ వ్యాధిని అదుపులో ఉంచినందుకు 1776లో రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది.

ఈ యాత్రా గ్రంథాన్ని కుక్ స్వయంగా సిద్ధం చేశాడు. జాన్ డగ్లస్ అనే మతాధికారి భాషను సరిదిద్దాడు. సభ్యతకు భంగం కలిగించేవి ఏవీ ఉండకూడదని కుక్ ఇతన్ని కోరాడు. గ్రంథం 1777లో, కుక్ సముద్రం మీద ఉండగా వెలువడింది. దానికి కొన్ని వారాల ముందే అదే యాత్ర మీద మరొక పుస్తకం వచ్చింది. ఓడలో శాస్త్రవేత్తగా వెళ్ళిన రైన్‌హోల్డ్ ఫోర్‌స్టర్‌ను సొంతంగా వృత్తాంతం రాయకుండా అడ్మిరల్టీ అడ్డుకోగా, అతని కుమారుడు గేయోర్గ్ దానిని రచించాడు. బయలుదేరేనాటికి గేయోర్గ్ వయస్సు 17. ఐరోపావారి రాకవల్ల దీవులవారికి మేలు కంటే కీడే ఎక్కువ జరిగిందేమోనని ఇతడు ప్రశ్నించాడు. కుక్ గ్రంథంలోని ఒక చెక్కడపు బొమ్మలో టోంగావారిని గ్రీకు శిల్పాల వలె చూపారని ఆక్షేపించాడు. ఆ బొమ్మకు మూలచిత్రం విలియం హాడ్జెస్‌ది. ఈ చిత్రకారుడే 1780లో మద్రాసు చేరి, తరువాత వారన్ హేస్టింగ్స్ ఆదరణలో ఉత్తర భారత దృశ్యాలను చిత్రించాడు.

మూడవ యాత్ర, మరణం

1776 జూలైలో కుక్ మళ్ళీ బయలుదేరాడు. అమెరికా ఉత్తరపు అంచు మీదుగా అట్లాంటిక్‌కు దారి ఉందేమో వెదకడం లక్ష్యం. మొదటిసారి ఇంగ్లాండు చూసివచ్చిన మాయి అనే పాలినీషియా యువకుని తిరిగి దీవులలో దింపాడు. ఈ యాత్రలో కుక్ ప్రవర్తన కటువుగా మారింది. 1777 అక్టోబరులో మోరేయా దీవిలో ఒక మేక దొంగతనానికి ప్రతిగా ఇళ్ళను, పడవలను తగులబెట్టించడం సిబ్బందిలో కొందరికే నచ్చలేదు. 1778 జనవరిలో హవాయి దీవులు చూసి, అడ్మిరల్టీ అధిపతి పేరిట శాండ్‌విచ్ దీవులని పేరు పెట్టాడు. తరువాత అమెరికా పడమటి తీరంలోని నూట్కా చేరాడు. అక్కడి మొవాచాట్ ప్రజలు ఓడలోని పశువులకు కోసిన గడ్డికి కూడా వెల అడిగారు. తమ దేశంలోని ప్రతి వస్తువూ తమదేననే పట్టింపు ఇంతగా మరెక్కడా చూడలేదని కుక్ రాసుకున్నాడు.

1779 జనవరి 17న కుక్ హవాయిలోని కెయలకెకువా అఖాతంలో దిగాడు. అతని దినచర్య ఆ రోజుతో ఆగిపోయింది. దీవివారు గొప్పగా ఆదరించారు. ఫిబ్రవరి 4న బయలుదేరిన ఓడలు తెరచాప స్తంభం దెబ్బతిని 11న తిరిగివచ్చాయి. ఈసారి ఆదరణ తగ్గింది. 14న ఒక పడవ దొంగిలించబడగా, దానిని రాబట్టడానికి కుక్ కలనియోపు రాజును బందీగా ఓడకు తీసుకురాబోయాడు. ఒడ్డున జరిగిన ఘర్షణలో కుక్, నలుగురు నావిక సైనికులు, అనేకమంది హవాయివారు మరణించారు.

హవాయివారు కుక్‌ను లోనో అనే దేవతగా భావించారా లేదా అన్నది 20వ శతాబ్దంలో పెద్ద వివాదం. అలాగే భావించారని అమెరికా మానవశాస్త్రవేత్త మార్షల్ సాలిన్స్ వాదించాడు. తెల్లవాడిని స్థానికులు దేవుడిగా కొలిచారనేది ఐరోపా అల్లుకున్న గాథ అని శ్రీలంకకు చెందిన గణనాథ్ ఒబెయసేకర 1992లో వెలువడిన గ్రంథంలో ఖండించాడు.

1784 గ్రంథం

మూడవ యాత్రా గ్రంథం 1784లో మూడు సంపుటాలుగా వచ్చింది. మొదటి రెండు కుక్ దినచర్య ఆధారంగా, మూడవది జేమ్స్ కింగ్ రచన. సంపాదకుడు డగ్లసే. ప్రతులు మూడు రోజుల్లో అమ్ముడుపోయాయి. ఈసారి మార్పులు చూడడానికి కుక్ బ్రతికి లేడు. నూట్కాలో పుర్రెలు, చేతులు అమ్మకానికి తెచ్చారనే క్లుప్తమైన ప్రస్తావన అచ్చులో నరమాంస భక్షణ వర్ణనగా పెరిగిందని రాతప్రతులతో పోల్చిచూసిన పరిశోధకులు తెలిపారు. జాన్ వెబ్బర్ చిత్రించిన మరణ దృశ్యంలో కుక్ కాల్పులు ఆపమని చేయి ఊపుతూ కనిపిస్తాడు. శాంతిదూతగా కుక్ ప్రతిష్ఠకు ఈ చిత్రం ప్రధాన కారణం. ఆ ఉదయం మొదట కాల్చినవారిలో కుక్ కూడా ఉన్నాడన్న సంగతి అందులో కనిపించదు.

పేర్లు

కుక్ పెట్టిన పేర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క తీర్పు వంటివి. 1774లో తనను దిగనివ్వని నియువే ద్వీపానికి సావేజ్ ఐలండ్, అనగా ఆటవికుల దీవి, అని పేరు పెట్టాడు. ఈ పేరు పటాలలో చాలాకాలం నిలిచింది. ఆదరించిన టోంగాకు స్నేహ దీవులని పేరు వచ్చింది. అయితే 1777లో అక్కడి నాయకులు కుక్‌ను విందులోనే చంపాలని తలచి, తమలో తాము ఏకాభిప్రాయం కుదరక మానుకున్నారని, తరువాత టోంగాలో నివసించిన విలియం మారినర్ విన్న కథనం 1817లో ప్రచురితమయింది.

రచనల ప్రభావం

ఆస్ట్రేలియాలో ఖైదీల వలసకు బోటనీ బే తగిన స్థలమని 1779లో బ్యాంక్స్ పార్లమెంటు సంఘం ముందు చెప్పాడు. అక్కడ జనం తక్కువని, ఎదిరించరని కూడా చెప్పాడు. అతడు చూసినది తీరంలో ఎనిమిది రోజులు మాత్రమే. 1788 జనవరిలో 11 ఓడలతో వచ్చిన ఆర్థర్ ఫిలిప్‌కు గ్రంథంలో చదివిన పచ్చిక మైదానాలు కనిపించలేదు, మంచినీరు చాలలేదు. కొద్ది రోజులకే వలసను పోర్ట్ జాక్సన్‌కు మార్చాడు. సిడ్నీ నగరం అక్కడే వెలసింది. వర్ణన తప్పయినా వలస ఆగలేదు. ఆ భూమికి ముందు యజమానులు లేరన్న న్యాయ భావనను ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో మాబో కేసులో తోసిపుచ్చింది.

నూట్కాలో కొన్న నీటిపిల్లి చర్మాలు చైనాలోని కాంటన్‌లో ఎంత ధర పలికాయో కింగ్ సంపుటం వెల్లడించింది. 1785 నుండి వర్తక నౌకలు ఆ తీరానికి వరుస కట్టాయి. 1790లో నూట్కా కోసం బ్రిటన్, స్పెయిన్ యుద్ధం అంచుకు చేరాయి. కుక్ వద్ద పనిచేసిన జార్జి వాంకూవర్, విలియం బ్లై తరువాతి కాలంలో స్వయంగా యాత్రలు నడిపారు.

మిషనరీల మీద కూడా ఈ పుస్తకాల ప్రభావం ఉంది. విలియం కేరీకి విదేశాలలో మత ప్రచారం చేయాలన్న ఆలోచన కుక్ యాత్రలు చదివిన తరువాతే కలిగింది. తాహితి వెళ్ళాలనుకున్న కేరీ చివరకు 1793లో బెంగాల్ చేరాడు. 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన తెలుగు వ్యాకరణం ఇతని రచన. 1795లో ఏర్పడిన లండన్ మిషనరీ సొసైటీ తన మొదటి ఓడను తాహితికే పంపింది. అదే సంస్థ మిషనరీలు 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగులో బైబిలు అనువాదం ప్రారంభించారు.

అసలు దినచర్యలు, కుటుంబం

కుక్ రాతప్రతుల ఆధారంగా న్యూజీలాండ్ చరిత్రకారుడు జె.సి. బీగిల్‌హోల్ 1955 నుండి 1967 వరకు ప్రచురించిన సంపుటాలతో కుక్ సొంత మాటలు పాఠకులకు సమగ్రంగా అందాయి. స్వదస్తూరీతో ఉన్న ఎండీవర్ దినచర్య ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయంలో ఉంది. 2001లో యునెస్కో దీనిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. 2019 అక్టోబరులో, కుక్ అడుగుపెట్టి 250 సంవత్సరాలైన సందర్భంగా, న్యూజీలాండ్‌లోని బ్రిటిష్ హైకమిషనరు తూరంగనుయి-ఆ-కివాలో జరిగిన మరణాలకు విచారం ప్రకటించారు.

కుక్ దంపతులకు ఆరుగురు సంతానం. ముగ్గురు చిన్నతనంలోనే పోయారు, మిగిలిన ముగ్గురు కుమారులు 1794 నాటికి మరణించారు. భార్య ఎలిజబెత్ 1835 వరకు, తొంభై ఏళ్ళు పైబడి జీవించింది. భర్త తనకు రాసిన ఉత్తరాలను మరణానికి ముందు ఆమె తగులబెట్టిందని చెబుతారు.